తాడు లేని పెరడు

పదకొండేళ్లు గెజీనె రాదెమాఖర్ ట్రైపాడ్ మోశాను.
ఎడమ భుజం ఇప్పటికీ
కుడిదానికంటే ఒక వేలు కిందికే ఉంటుంది.
కోటు కొలతలు తీసే దర్జీ అడిగితే నవ్వేస్తాను.

ఇవాళ కొలోన్‌లో ఆమె ప్రదర్శన.
గోడంత ఫోటోల ముందు
వైన్ గ్లాసులు పట్టుకుని జనం
చర్చిలోలాగా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.
కేటలాగులో ఆమె జీవితం పేజీన్నర.
హాంబుర్గ్ రేవులో గాజు మేడ,
లైప్‌జిగ్‌లో కాంక్రీటు గ్రంథాలయం,
ఉత్తర సముద్రపు బురదనేలల మీద తెల్లవారుజాము.
ఎవరూ లేకపోవడమే ఆమె సంతకం, అని రాశారెవరో.

నిజమే.
ఆ గాజు మేడ కోసం ఆరు రోజులు కాచుకున్నాం.
ఎండ వస్తే వద్దనేది, నీడలు అబద్ధాలాడతాయని.
ఇస్త్రీ చేసిన దుప్పటిలాంటి ఆకాశం కావాలి.
అది దొరికాక కూడా
కాపలావాడు సిగరెట్ ముగించి లోపలికి పోయేదాకా
షట్టర్ తీగ మీద ఆమె బొటనవేలు కదిలేది కాదు.
ఆ సంగతి కనిపెట్టి వాడు
ఓ రోజు రెండోది వెలిగించాడు.

కానీ మొదలు అక్కడ కాదు.
మొదలు లౌజిత్స్‌లో, తొంభై మూడులో,
క్లైన్ ద్రోబెన్ అనే ఊళ్లో.
ఊరి కింద గోధుమరంగు బొగ్గు.
ఊరికి మిగిలింది పద్నాలుగు నెలలు.
నష్టపరిహారం ఫైలులో కుట్టడానికి
కంపెనీకి ఇంటికి నాలుగు ఫోటోలు కావాలి.
ఆమెకి ఇరవై ఆరు. నాకు పందొమ్మిది, ఆ ఊరివాణ్ణే,
సందులు తెలిసినవాణ్ణని కుదిరాను.
మా ఇంటివి కూడా నాలుగు తీసింది.
అవి నేనెప్పుడూ అడగలేదు.

నల్లగుడ్డలో ఓసారి నన్నూ తల దూర్చనిచ్చింది.
గరుకు గాజు మీద మా వీధి
తలకిందులుగా వేలాడుతోంది:
కప్పులు కింద, కాలిబాట పైన,
ఆకాశం అడుగున నీళ్లలా నిలిచి.
"అలవాటైపోతుంది," అంది.

ఇరవై రెండో నంబరు, మార్యా బుడార్ ఇల్లు.
పెరట్లో తాడు మీద బట్టలు.
రెండు దుప్పట్లు, నీలి ఏప్రన్, ఒక మగవాడి లోచొక్కా.
భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు.
"ఒక్క అరగంట తీసేస్తారా, గోడ కనబడాలి," అంది గెజీనె.
మార్యా ఏమీ అనలేదు.
తడిబట్టలు బుట్టలో వేసుకుంది.
తాడు కూడా విప్పేసి
మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటూ
లోపలికి వెళ్లింది.

ఆ ఫోటోయే ఫైలు దాటి బయటికొచ్చి
మొదటి బహుమతి తెచ్చింది.
ఇవాళ రెండో గదిలో, మంచి వెలుతురున్న గోడ మీద ఉంది.
ఇటుక ఇటుకా లెక్కపెట్టొచ్చు.

పోయినేడు ఉత్తరం వచ్చింది.
కాట్‌బుస్ శివార్లలో మూడో అంతస్తు నుంచి,
తొంభై దాటిన చేతిరాత.
ఊరున్న చోట ఇప్పుడు సరస్సు, తెరచాప పడవలు అద్దెకిస్తారు.
ఇంటి ఫోటో ఒకటి కావాలట.
గెజీనె తనే తీసుకెళ్లింది, నన్ను కారు నడపమని.
మార్యా భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.
"ఇల్లు బాగుంది," అంది.
"నా తాడేది?"

తిరుగుదారిలో మాటల్లేవు.
ఆ రాత్రి నెగటివ్ పెట్టెలన్నీ దించింది.
లైట్‌టేబుల్ మీద ఆ షీటు పరిచి
ప్రింటులో ఎప్పుడూ కోసేసే అంచు దగ్గర వేలు పెట్టింది:
గుంజ, గుంజకో మేకు,
మేకుకి వేలాడుతూ ఒకే ఒక్క చెక్క క్లిప్పు.

అంచుతో సహా కొత్త ప్రింటు వేసింది.
కూర్పు చెడింది. ఎడమవైపుకి ఒరిగింది.
నా భుజంలాగే, అన్నాను. నవ్వలేదు.
అది పోస్టులో వెళ్లింది.
గోడ మీద మాత్రం పాతదే ఉంది.
అడుగుదామనుకున్నాను గాని
ఆమె దానికి వీపు పెట్టి నిలబడి
మేయరుగారికి చేయి కలుపుతోంది.

మార్యా జవాబు నా జేబులో ఉంది, నిన్ననే వచ్చింది.
కార్డు మీద నాలుగు ముక్కలు:
"క్లిప్పు నాది కాదు. పక్కింటి లెనిక్ వాళ్లది.
తెచ్చుకున్నాను, తిరిగివ్వలేదు.
వాళ్లెక్కడున్నారో తెలిస్తే చెప్పండి."